ప్లేటా, ల్యాప్‌టాపా?



కిందటేడు మన హాస్టల్ వార్షికోత్సవం ముగిసి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. ఇక్కడే పదో తరగతి ముగించి, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నవాడు. "అన్నా, మీరు సౌండ్ సర్వీసుల పనిజేసిన్రు గదా, ఒకటి అడుగుత, నవ్వొద్దు" అన్నాడు. డీజే నేర్చుకోవాలని అతని కోరిక. హైదరాబాద్‌లో డీజే నేర్పే ఒకాయన అతనికి ఫోన్‌లో చెప్పాడట: ముందు ప్లేట్ల మీద, అంటే పాతకాలపు గ్రామఫోన్ రికార్డుల మీద చెయ్యి తిరగాలి, ల్యాప్‌టాప్ ముందు నిలబడి బటన్లు నొక్కేవాడు అసలు డీజేయే కాదు అని. రెండు టర్న్‌టేబుళ్లు, ఒక మిక్సరు, కొన్ని రికార్డులు కలిపి సెకండ్ హ్యాండ్‌లో ఇప్పిస్తానని కూడా అన్నాడట. ఎంతవుతుందో విన్నాక మాకు నవ్వు రాలేదు. అతని బాపు డప్పు కొడతాడు. అవ్వ కూలికి పోతుంది. ఇద్దరి రెండేండ్ల కష్టం ఒకచోట పోసినా ఆ మొత్తం కాదు. ఫైనాన్స్‌లో అప్పు తీసుకుందామని ఇంట్లో మాట కూడా నడుస్తోందని చెప్పాడు.

ఆ రాత్రి మేం అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాం. "ఆలోచించి చెప్తం" అని పంపించాం. ఆ తరువాత మాలో మేం చాలా వాదించుకున్నాం. ఆ వాదనలో తేలినదే ఇక్కడ రాస్తున్నాం. ఎందుకంటే ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ఎన్ని ముక్కలుగా విడిపోయినా, జగిత్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా ఏ ఊరికి పోయినా డీజే బండి మీద నిలబడాలని కలగనే పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో మన హాస్టళ్లలో చదివినవాళ్లు తక్కువేం లేరు.

మేం అంటే నలుగురం. ఈ హాస్టల్ వరండాలోనే పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగాం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. నలుగురి ఇండ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. డిగ్రీ చదివేటప్పుడు మూడు ఎండాకాలాలు పెండ్లి సీజన్‌లో ఒక సౌండ్ సర్వీసులో బేస్ బాక్సులు మోశాం, వైర్లు చుట్టాం, జనరేటర్‌లో డీజిల్ పోశాం. మాలో ఒకడికి మిక్సర్ మీద చెయ్యి వేసే అవకాశం కూడా దొరికింది. ఈ అనుభవంతో రాస్తున్నాం తప్ప మేం పెద్ద కళాకారులం కాదు.

ముందు ప్లేట్ల సంగతి చెప్పుకుందాం.

మా మండల కేంద్రంలో ఒక మైకుసెట్టు కాక ఉన్నాడు. బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. ఇప్పుడు అందులో ఎల్‌ఈడీ బల్బుల తోరణాలే ఎక్కువ. కానీ అటక మీద రెండు బాకా మైకులు, ఒక పాత అహుజా యాంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, రేకు పెట్టె నిండా ప్లేట్లు ఉన్నాయి. మేం ఈ వాదన కోసం ఆయన దగ్గరికి పోతే పెట్టె దించి, బనీను గుడ్డతో ఒక్కో ప్లేటును తుడిచి చూపించాడు. సూదిని ఎట్లా పెట్టాలో, గీత పడ్డచోట ఎట్లా వేలితో నెమ్మదిగా దాటించాలో నేర్పాడు. మేం నలుగురం జీవితంలో మొదటిసారి ప్లేటు తిరగడం చూశాం. పాట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిటచిట శబ్దం మాకు ముచ్చటేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

కానీ కాక మాటలు విన్నాక ఆ ముచ్చట కొంత దిగింది. పెండ్లింట్లో పిల్లలు ఎగిరితే సూది ఎగిరేదట. అందుకని ప్లేయరు కింద గోనెసంచి, దాని కింద రాతిబండ వేసేవాడట. మే నెల ఎండలో పెట్టె బయట మరిచిపోతే ప్లేటు అప్పడంలా వంకర పోయేదట. మన దిక్కు ఎండల సంగతి తెలిసిందే కదా, రామగుండం పేరు వేసవిలో రోజూ పేపర్లో ఉంటుంది. అన్నిటికంటే పెద్ద తిప్పలు బరువు. సైకిల్ క్యారేజీ మీద ప్లేట్ల పెట్టె, హ్యాండిల్‌కు బాకా, వెనకాల బ్యాటరీ మోసే మనిషి. "క్యాసెట్ వచ్చినంక ఏడాదిల మొత్తం ఇడిశిపెట్టిన. పాటేం మారలే బిడ్డా, నా నెత్తి మీది మూట తగ్గింది" అన్నాడు. క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లోనే తెచ్చినా, మన పల్లెలను ముంచెత్తింది 1980ల్లో, చవక క్యాసెట్లు వచ్చాక. తరువాత సీడీ, ఆపైన పెన్‌డ్రైవ్, ఇప్పుడు ల్యాప్‌టాప్. కాక ఏ మలుపులోనూ ఏడ్చినట్టు మాకు అనిపించలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కాక ప్లేట్లు వేశాడు కానీ కలపలేదు. ఒక పాట అయిపోయాక ఇంకో పాట. మధ్యలో "పెండ్లికి వచ్చిన బంధుమిత్రులందరూ భోజనానికి రావలెనని" మైకులో చెప్పడం. రెండు ప్లేట్లను ఒకేసారి తిప్పి, ఒకదాని తాళాన్ని ఇంకోదాని తాళంతో జత చేసే డీజే పని మేం చూసిన ఊళ్లలో ప్లేట్ల మీద ఎవరూ చేయలేదు. డీజే అన్న మాట మన ఊళ్లకు వచ్చిందే కంప్యూటర్‌తో పాటు. అంటే ప్లేటు వదిలి డిజిటల్‌కు మారాలా వద్దా అన్న ప్రశ్న నిజానికి మన ఇంట్లో పుట్టింది కాదు. ఎక్కడో పుట్టి, శిక్షణ ఫీజు రూపంలో మన తమ్ముడి దాకా వచ్చింది.

మరి అది పుట్టినచోట సంగతి ఏమిటి? ఇది తెలుసుకున్నప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. అమెరికాలో న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల ప్రాంతం ఉంది. నల్లజాతివాళ్లు, వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే చోటు. 1973 ఆగస్టు 11న అక్కడి సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో ఒక అమ్మాయి చిన్న పార్టీ పెట్టింది. ఎందుకో తెలుసా? బడి తెరిచే సమయానికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. పాటలు వేసింది ఆమె అన్న, జమైకా నుంచి వచ్చిన కుటుంబంలోని యువకుడు. ప్రపంచం అతన్ని డీజే కూల్ హెర్క్ అని పిలుస్తుంది. పాటలో జనం ఎక్కువగా ఎగిరేది వాయిద్యాలు మాత్రమే మోగే చిన్న ముక్కకని అతను గమనించాడు. ఆ ముక్కను పొడిగించడానికి రెండు టర్న్‌టేబుళ్లు వాడాడు. హిప్‌హాప్ అనే సంగీతం అక్కడి నుంచే మొదలైందని చెబుతారు.

బడి బట్టల కోసం పార్టీ! దుప్పట్లు, ట్రంకు పెట్టెలు ఎప్పుడిస్తారా అని ఎదురుచూసి చదువుకున్న మనకు ఈ మాట ఇంకెవరికీ అర్థం కానంతగా అర్థమవుతుంది. కూల్ హెర్క్ ప్లేట్లు వాడింది వాటికేదో పవిత్రత ఉందని కాదు. ఆ రోజుల్లో పేదపిల్లలకు చేతికి అందేవి అవే. అమ్మానాన్నల ఇండ్లలో ఉన్న రికార్డులు, ఎట్లనో సంపాదించిన యంత్రాలు. ఆనాడు ప్లేటు చేసిన పనిని ఈనాడు మన పిల్లలకు చేసేది ల్యాప్‌టాప్, ఒక చిన్న కంట్రోలరు. అందుకే ప్లేట్లు వాడేవాడే అసలు డీజే అనే మాట బ్రాంక్స్ చరిత్రకే ఎదురు నడుస్తుందని మా అభిప్రాయం.

అయితే మాలో ఒకడు దీనికి ఒప్పుకోలేదు. అతని వాదన కూడా న్యాయంగా చెప్పాలి. జపాన్‌లో టెక్నిక్స్ కంపెనీ 1972లో ఎస్‌ఎల్-1200 అనే టర్న్‌టేబుల్ తెచ్చింది. అంతకు ముందు చాలా యంత్రాలలో మోటారుకూ పళ్లేనికీ మధ్య రబ్బరు బెల్టు ఉండేది. ఇందులో మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపినా, వెనక్కి తిప్పినా వదిలేయగానే మళ్లీ వేగం అందుకుంటుంది. 1979లో వచ్చిన రెండో రకంలో వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ పక్కన ఒక స్లైడరు పెట్టారు. ఆ స్లైడరు మీద వేలు పెట్టి, ఒక చెవికి హెడ్‌ఫోను, ఇంకో చెవిని జనం వైపు ఉంచి, రెండు పాటల తాళాన్ని కలపాలి. తెర మీద అంకెలు చూపించేవాడు ఎవడూ లేడు. చెవే గురువు. "ఆ చెవి రావాలంటే ప్లేటే దారి" అన్నాడు మావాడు. ఆ యంత్రాన్ని కంపెనీ 2010లో ఆపేసి, జనం వదలకపోతే 2016లో మళ్లీ తెచ్చింది. అమెరికాలో 2022లో అమ్ముడైన ప్లేట్ల సంఖ్య సీడీల సంఖ్యను దాటింది, 1987 తరువాత అట్లా జరగడం అదే మొదలు. చచ్చిపోయిందనుకున్నది చావలేదు కదా అని అతని మాట.

చావలేదు, నిజమే. కానీ ఎవరి ఇంట్లో బతికి ఉంది? టెక్నిక్స్ కొత్త యంత్రం ఒక్కటి కొనాలంటే లక్ష రూపాయల దగ్గర మాట. రెండు కావాలి. ఆపైన మిక్సరు. ఒక్కో కొత్త ప్లేటు వేలల్లో. నేర్చుకోవడానికి సరిపోయే డిజిటల్ కంట్రోలరు 30 వేల చుట్టుపక్కల దొరుకుతుంది, వాడినది ఇంకా తక్కువకు. దానికి పాత ల్యాప్‌టాప్ చాలు. లెక్క ఇక్కడే తేలిపోయింది.

లెక్క ఒక్కటే కాదు. ప్లేటు మీద ఏ పాటలు ఉన్నాయి? ఊరేగింపులో పెండ్లికొడుకు దోస్తులు అడిగేది నిన్న యూట్యూబ్‌లోకి వచ్చిన జానపద పాట. అది ఏ జన్మలోనూ ప్లేటుగా రాదు. ఏ పాటను ప్లేటుగా అచ్చు వెయ్యాలో ఎక్కడో కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాళ్లు నిర్ణయించే కాలంలో మన పల్లెల గొంతుకు ఎంత చోటు దొరికింది? కాక రేకు పెట్టెలో సినిమా పాటలు, భక్తి పాటలు ఉన్నాయి. ఒగ్గు కథ ఒక్కటీ లేదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట నుంచి వచ్చి ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములు 2010లో కన్నుమూశారు. ఒగ్గు కథ రాత్రి మొదలైతే తెల్లారేదాకా నడుస్తుంది. పెద్ద ఎల్పీ ప్లేటైనా ఒక పక్క ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు అయిపోతుంది. ఆ కథకు ప్లేటు ఎట్లా సరిపోతుంది? ఇవాళ అవ్వలు, అక్కలు పాడిన పాటను ఫోన్‌లో పట్టి అదే రాత్రి మిక్స్‌లో పెట్టవచ్చు. ఈ ఒక్క కారణం చాలు మాకు, డిజిటల్ వైపు నిలబడడానికి.

రెండింటికీ మధ్య ఒక దారి కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. పాట ఉండని ప్లేట్లు వచ్చాయి. వాటి మీద ఒక సంకేత ధ్వని మాత్రమే ఉంటుంది. ప్లేటును చేత్తో ముందుకు తిప్పినా వెనక్కి తిప్పినా ఆ సంకేతాన్ని బట్టి కంప్యూటర్ వేగాన్నీ దిశనూ కనిపెట్టి, తనలోని పాటను అట్లాగే ఆడిస్తుంది. 2004లో వచ్చిన సెరాటో స్క్రాచ్ లైవ్ ఇట్లాంటిదే. అంతకు ముందే 2001లో పయనీర్ కంపెనీ సీడీజే-1000 తెచ్చింది, సీడీని ప్లేటులా చేత్తో తిప్పే చక్రంతో. అంటే ప్లేట్ల మీద పెరిగిన డీజేలే తమ చేతి అలవాటును ఉంచుకుని పాటల మూటను మార్చుకున్నారు. మన మైకుసెట్టు కాక చెప్పిందీ ఇదే కదా!

ఇంతవరకు రాస్తే మా వాదన పూర్తయినట్టే. కానీ మాకు జరిగిన ఒక అవమానం చెప్పకపోతే ఈ వ్యాసం సగమే.

రెండేండ్ల కింద జగిత్యాల దిక్కు ఒక పెండ్లి. మాలో మిక్సర్ నేర్చినవాడికి ఆ రోజు అసలు డీజే రాక బండి మీద నిలబడే అవకాశం వచ్చింది. మంచి ఊపు మీద సినిమా పాట నడుస్తోంది. దానిలోకి ఎవరో ఫోన్‌లో రికార్డు చేసిన డప్పు దరువు కలపాలని మావాడికి బుద్ధి పుట్టింది. సాఫ్ట్‌వేర్‌లో సింక్ అనే బటన్ ఉంటుంది. నొక్కితే రెండు పాటల వేగాన్ని అదే కలుపుతుంది. నొక్కాడు. తెర మీద రెండింటి కిందా ఒకే అంకె. గీతలు కూడా ఒకదాని కింద ఒకటి చక్కగా నిలబడ్డాయి. కొద్దిసేపు బాగానే ఉంది. తరువాత దరువు ఒక దిక్కు, పాట ఒక దిక్కు. ఎగిరేవాళ్ల కాళ్లు తడబడ్డాయి. పెండ్లికి వచ్చిన డప్పు తాత ఒకాయన బండి దగ్గరికి వచ్చి, "మీ మిషిన్‌కు చెవులు లేవా బిడ్డా?" అన్నాడు. అందరూ నవ్వారు. మావాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

ఎందుకు అట్లా అయింది? తరువాత కూర్చుని ఆలోచించాం. కంప్యూటర్‌లో తయారైన పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ మామూలుగా అట్లాంటి పాటనే ఊహించుకుని దాని మీద గళ్లు గీస్తుంది. మనిషి కొట్టే డప్పు గళ్లలో నడవదు. దరువు మొదలు పెట్టినప్పుడు ఒక వేగం, ఎదుటివాళ్ల ఎగురుడు చూసి ఇంకో వేగం, సిర్ర, సిటికెన పుల్ల వేడెక్కినకొద్దీ ఇంకో వేగం. పదిమంది డప్పులవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కలిసి వేగం పెంచుతారు, కలిసి దించుతారు. అది తప్పు కాదు, అదే దాని అందం. పాత సినిమా పాటలు కూడా అంతే, వాద్యగాళ్లంతా ఒక్కచోట కూర్చుని వాయించినవి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి ఆడే దండారి, గుస్సాడి సంగతి ఇక చెప్పనక్కర లేదు. నెమలీకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీల అడుగును బట్టి డోలు, తుడుం, పెప్రె నడుస్తాయి. మార్లవాయి గుస్సాడి గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆ ఆటకు బీపీఎం ఎంత అని అడిగితే ఎవరేం చెప్పగలరు?

కాబట్టి ప్లేట్ల పక్షాన వాదించిన మా మిత్రుడు సగం గెలిచాడు. ప్లేటు అక్కర లేదు, ప్లేటు నేర్పిన చెవి కావాలి. ఆ చెవి కంట్రోలర్ మీద కూడా వస్తుంది, సింక్ బటన్ మీద టేపు అతికించి, తెర మీద ఒక గుడ్డ కప్పి నేర్చుకుంటే. మావాడు ఆ అవమానం తరువాత ఆరు నెలలు అట్లాగే చేశాడు. మొదటి నెలంతా మేం చెవుల్లో దూది పెట్టుకున్నాం, అది వేరే సంగతి.

ఇంతకంటే కష్టమైన మాట ఒకటుంది. డీజే బండి వచ్చి డప్పు పొట్ట కొట్టింది అని సభల్లో అంటారు. నిజమే. ఒకప్పుడు పెండ్లికీ, బోనాలకూ, గణపతి నిమజ్జనానికీ పిలిచిన డప్పు జట్లను ఇప్పుడు చాలాచోట్ల చావుకే పిలుస్తున్నారు. కానీ డప్పు పోయిందని బాధపడే పెద్దమనుషులు ఆ డప్పు కొట్టినవాడిని ఎట్లా పిలిచారో కూడా చెప్పాలి కదా. మాలో ఇద్దరి ఇండ్లలో డప్పు ఉంది. ఊరికి చాటింపు వేయడానికి, పీనుగ ముందు నడవడానికి, గింజలకో కల్లుకో కొట్టించుకున్న వెట్టిని మా తాతలు చూశారు. పెండ్లిలో డప్పు కొట్టిన మనిషికి విస్తరి ఎక్కడ వేశారో మా బాపులకు గుర్తుంది. అదే ఇంటి పిల్లవాడు కళ్లద్దాలు పెట్టుకుని బండి మీద నిలబడితే, "అన్నా, ఒక్క పాట పెట్టరాదే" అని అదే ఊరి పిల్లలు బతిమాలుతారు. మా తమ్ముడికి డీజే మీద మోజు ఎందుకో మాకు ఎవరూ వివరించనక్కర లేదు. ఆ మోజును తప్పు పట్టేవాళ్లతో మేం లేము. డప్పు మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు డీజేకు ఇచ్చే పైసలు, డీజేకు ఇచ్చే కుర్చీ డప్పు జట్టుకూ ఇచ్చి చూడమనండి.

ఇక అప్పు సంగతి. డీజే అంటే మిక్సింగ్ అని అనుకుంటాం కానీ పైసలన్నీ పోయేది బాక్సుల్లో. బేసులు, టాపులు, జనరేటర్, బండి, లైట్లు. మేం పనిచేసిన చోట యజమాని సీజన్ అంతా కిస్తీల కోసమే బతికాడు. అదీగాక ఈ చప్పుడు మీద చట్టం ఉంది. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు మోగకూడదు. ఇండ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. అప్పు చేసి కొన్న బాక్సులు ఒక రాత్రి స్టేషన్ ఆవరణలో పడితే కిస్తీ మాత్రం ఆగదు.

చప్పుడు గురించి మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఫంక్షన్ హాలు పక్కన హాస్టల్ ఉంటే పదో తరగతి లెక్కల పరీక్ష ముందు రాత్రి ఎట్లా ఉంటుందో మేం నలుగురం అనుభవించాం. కిటికీ రేకులు వణుకుతుంటే దుప్పటి ముసుగులో టార్చిలైటుతో చదివాం. తరువాత అవే బాక్సులు మేమే మోశాం, ఆ సంగతీ దాచం. బండి ఎక్కిన రోజు పక్కన ఏ హాస్టల్ ఉందో మేం చూసుకున్నామా అంటే, అన్నిసార్లూ లేదు.

మేం చివరికి తమ్ముడికి చెప్పింది ఇది. ఇంటర్ అయ్యేదాకా ఏమీ కొనకు. హైదరాబాద్ ఆయన చెప్పిన ప్లేట్ల సెట్టు అసలే వద్దు. ప్లేటు ఎట్లుంటదో చూడాలనుంటే మైకుసెట్టు కాక దగ్గర ఒక ఆదివారం కూర్చో, చాయ్ ఖర్చు నీది. పరీక్షలయ్యాక వాడిన కంట్రోలర్ ఒకటి మేం నలుగురం తలా కొంత వేసి కొందాం. అప్పు కాదు, సీజన్‌లో సంపాదించి మెల్లగా ఇద్దువు. బాక్సులు ఎప్పుడూ కొనకు, కిరాయికి తెచ్చుకో. డిగ్రీలో చేరు. డీజే ఉండనీ, డిగ్రీ కూడా ఉండనీ. సింక్ బటన్ మీద టేపు వెయ్యి. మొదటి పాఠం మీ బాపు దగ్గర.

చివరి మాటకు అతను ముఖం చిట్లించాడు. "బాపు దగ్గరనా?" అన్నాడు. చాలారోజులు ఫోన్ కూడా చెయ్యలేదు. మేం ఎక్కువ మాట్లాడామేమో అనుకున్నాం.

ఈ ఎండాకాలం కంట్రోలర్ కొన్నాం. రెండు వారాల కింద అతను ఫోన్ చేశాడు. బాపు దరువును రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో పెడితే సాఫ్ట్‌వేర్ ఒకసారి ఒక అంకె, ఇంకోసారి ఇంకో అంకె చూపిస్తోందట. బాపును పక్కన కూర్చోబెట్టుకుని స్లైడర్ మీద వేలితో సర్దుతుంటే, ఆయన "ఇంగ జర, ఇంగ జర, ఆఁ, పట్టినవ్" అంటున్నాడట. దరువులు ఎన్ని రకాలో, వాటి పేర్లేమిటో ఇన్నేండ్లకు ఇప్పుడే అడిగానని చెప్పాడు.

ఈసారి వార్షికోత్సవానికి తండ్రీకొడుకులిద్దరూ వస్తున్నారు. వార్డెన్ సారు ఒప్పుకున్నారు. రెండు చిన్న స్పీకర్లు చాలని చెప్పాం. తరువాతి సోమవారం పదో తరగతి పిల్లలకు పరీక్ష ఉంది.